బడి, ఇల్లు, కథ – 3వ పాఠం: ఆపిన చోటు నుంచి అందుకోవడం

బడిలో పాఠాలు చెబుతూ కథలు రాయాలనుకునే టీచర్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో వారానికో టైమ్‌టేబుల్ వేసుకుని, అందులో కథ కోసం నాలుగు చిన్న వేళలు, ఒక పెద్ద వేళ పక్కన పెట్టుకున్నాం. చిన్నది 25 నిమిషాలు, పెద్దది గంటన్నర. ఇక్కడిదాకా చాలామంది బాగానే వస్తారు, రెండో వారంలో చతికిలబడతారు. కూర్చునే వేళ దొరుకుతుంది గానీ, "నిన్న ఎక్కడ ఆపాను?" అని వెతుక్కోవడానికే సగం వేళ పోతుంది. మిగిలిన సగంలో రాసిన నాలుగు వాక్యాలూ మునుపటి వాటితో అతకవు. టైము లేదన్న బాధ వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. పొద్దంతా పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి పిల్లల హోంవర్కు చూసి, వంటింటి పని ముగించుకున్న మనసుకు నిన్నటి పాత్ర గొంతు గుర్తుండదు. గుర్తుంచుకునే పని కాగితానికి అప్పగించాలి.

అందుకు వాడే దాన్ని అప్పగింత చీటీ అందాం. 25 నిమిషాల్లో మొదటి 4 నిమిషాలు నిన్నటి చీటీని, కథలోని చివరి పది వాక్యాలను చదవడానికి. కలం ముట్టుకోకండి, చదవడమే. తరువాత 17 నిమిషాలు రాయడం. చివరి 4 నిమిషాలు రేపటి చీటీకి. అలారం 25వ నిమిషానికి కాదు, 21వ నిమిషానికి పెట్టుకోండి. చివరిదాకా రాసేసి లేచిపోతే చీటీ ఎప్పటికీ పుట్టదు.

చీటీలో మూడే సంగతులు రాయాలి: ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారు, ఎవరికి ఏం తెలుసు, వెంటనే జరగబోయే చిన్న కదలిక ఏమిటి. ఇల్లు అమ్మే విషయం కదపడానికి అన్న చెల్లెలి ఇంటికి వచ్చిన కథ ఒకటి అనుకుందాం. "తరువాత గొడవ రాయాలి" అని చీటీ రాసుకుంటే రేపు అది ఎందుకూ పనికిరాదు. గొడవ అన్నది సారాంశం. దాన్ని పట్టుకుని మొదటి వాక్యం రాయలేం. ఇలా రాయండి: "అన్న ఇంకా గుమ్మంలోనే. చెప్పులు విప్పలేదు. కాగితాలు సంచిలో ఉన్నాయి. చెల్లెలికి సంగతి తెలుసు, తెలియనట్టుంది. తరువాత: మంచినీళ్లు అడుగుతాడు." రేపు కూర్చోగానే ఆ నీళ్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. ఈ కారణం వల్లే సన్నివేశం ముగిసేదాకా పట్టుబట్టి రాయొద్దు. మధ్యలో, తరువాత ఏం జరగాలో తెలిసినప్పుడే ఆపండి. ముగించి లేస్తే మర్నాడు కొత్త సన్నివేశానికి తలుపు తీయాల్సి వస్తుంది. అలసిన మనిషికి అన్నిటికన్నా కష్టం అదే.

17 నిమిషాల్లో చేత్తో 120 నుంచి 180 మాటలు వస్తే చాలు. 500 మాటల సన్నివేశానికి మూడు నాలుగు చిన్న వేళలు, అంటే ఇంచుమించు ఒక వారం పడుతుంది. 2000 మాటల కథకు మొదటి చిత్తుప్రతి నెలలో తయారవుతుంది. గంటన్నర వేళను కొత్తది రాయడానికి ఖర్చు చేయకండి. ముక్కలుగా రాసినదాన్ని పైకి చదివి, అతుకులు సరిచూసుకోవడానికి అంత సేపు కావాలి.

నోటుబుక్కు కుట్టినదే వాడండి. విడికాగితాలు జవాబుపత్రాల కట్టలో కలిసిపోతాయి. కుడి పేజీలో కథ, ఎడమ పేజీలో చీటీలు, సందేహాలు. ఖాళీ పిరియడ్‌లో ఫోన్‌కు చెప్పి రాయించుకునే వాళ్లు ఆ సాయంత్రమే సరిచూసుకోవాలి. విరామచిహ్నాలు చాలాసార్లు ఉండవు, మాటలు తప్పుచోట విరిగిపోతాయి. రెండు రోజులు గడిస్తే మీరు చెప్పినది మీకే అర్థం కాదు.

పేపర్లు దిద్దిన వెంటనే మాత్రం కథ రాయకండి. తప్పు వెతకడానికి అలవాటుపడిన కన్ను అదే ఊపులో మీ వాక్యాన్నీ కొట్టేస్తుంది, పేజీ ముందుకు జరగదు. ముందు కథ, తరువాత దిద్దడం. వరస మార్చలేకపోతే మధ్యలో కనీసం ఓ అరగంట వేరే పని పెట్టుకోండి.

టీచర్ల రాతలో మరో అలవాటు తొంగిచూస్తుంది, అదే విడమరచి చెప్పడం. తరగతిలో అది గుణం. వెనక బెంచీకి అర్థం కాలేదేమోనని ఇంకోసారి చెబుతాం. కథలో అదే పాఠకుడి పనిని లాగేసుకుంటుంది. "అన్న చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అడగడానికి అతనికి మొహమాటంగా ఉంది." ఇందులో రెండో వాక్యం టీచరుది. దాన్ని తీసేస్తే మొదటి వాక్యానికి బలం వస్తుంది. చిత్తుప్రతిలో ఇలాంటివి రానివ్వండి, గంటన్నర వేళలో ఏరేయండి.

ఇంట్లో వాళ్లకు మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా చెప్పండి, చెప్పిన వేళకే లేవండి. 25 నిమిషాలని చెప్పి 50 కూర్చుంటే మరుసటి వారం ఆ మాట చెల్లదు. మధ్యలో పిల్లలు పిలిస్తే "తరువాత:" అని చీటీలోని మూడో సంగతి ఒక్కటి రాసి లేవండి. అందుకు అర నిమిషం చాలు.

పరీక్షల నెలలో ప్రశ్నపత్రాలు, ఇన్విజిలేషన్, మార్కుల నమోదు మీద పడతాయి. అప్పుడు కొత్త వాక్యాల కోసం పెనుగులాడొద్దు. వారానికి రెండుసార్లు చీటీ తీసి చదివి, తోచిన ఒక్క వివరం ఎడమ పేజీలో చేర్చండి, చాలు. నెలంతా ముట్టుకోని కథను పక్కనపడేసి కొత్తది మొదలుపెట్టాలనిపిస్తుంది. సగంలో ఆగిన కథలు గుట్టపడేది ఇలాగే.

ఈ వారం అభ్యాసం: నాలుగు చిన్న వేళల్లో ఒకే సన్నివేశం రాయండి. పాత్రలు ఇద్దరే, చోటు ఒకటే. నాలుగు చీటీలూ ఎడమ పేజీలో ఉండాలి. వారాంతంలో పైకి చదువుతూ, పాఠకుడికి ముందే అర్థమైనదాన్ని మళ్లీ చెప్పిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఎరుపు సిరా వద్దు. ఏ చీటీ పట్టుకుని కూర్చున్న రోజు కలం వెంటనే కదలలేదో దాని పక్కన గుర్తు పెట్టుకోండి. 4వ పాఠాన్ని ఆ చీటీతోనే మొదలుపెడదాం. తరగతిలో చూసిన పిల్లల బతుకులను, ఎవరిదన్న ఆనవాలు దొరకకుండా, వాళ్లకు నొప్పి తగలకుండా కథలోకి ఎలా తీసుకోవాలో కూడా అందులోనే చూద్దాం.