చేత్తో తిప్పే గ్రహాల మోడల్ చేయాలంటే ముందు గేర్ల లెక్క

ఆరెరీ (హ్యాండిల్ తిప్పితే గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగే మోడల్) చేద్దామనుకునేవాళ్లు ముందు గ్రహాల సైజుల గురించి తల బద్దలు కొట్టుకుంటారు. అది వదిలేయండి. భూమిని సెంటీమీటరు పూసగా పెడితే సూర్యుణ్ణి దాదాపు 117 మీటర్ల అవతల పెట్టాలి, ఏ బల్ల మీద కుదురుతుంది? మనం నిజంగా చూపించగలిగేది ఏ గ్రహం ఎంత వేగంగా తిరుగుతుందో, అంతే.

మధ్యలో కదలని కడ్డీ, దాని కొసన సూర్యుడు. కడ్డీ చుట్టూ ఒకదానిలో ఒకటి దూరే నాలుగు ఇత్తడి గొట్టాలు, లోపలి నుంచి వరసగా బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు. లోపలి గొట్టం పైనా కిందా ఎక్కువ బయటికి రావాలి, లేకపోతే గేరు బిగించడానికి చోటుండదు. పాత రేడియో ఏంటెన్నా దొరికితే చివర్లు కోసేసి వాడి చూడొచ్చు. పక్కన ఇంకో ఇరుసు, హ్యాండిల్ దానికే. దాని మీద నాలుగు గేర్లు, ఒక్కో గొట్టం అడుగున ఒక్కోటి.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇరుసుకీ గొట్టాలకీ మధ్య దూరం మారదు కాబట్టి ప్రతి జతలోనూ పళ్ల మొత్తం ఒకటే కావాలి. నా ఓటు 84కే, ఎందుకంటే శుక్రుడు అందులో భలే కుదురుతాడు: ఇరుసు మీద 52, గొట్టానికి 32. భూమికి 42, 42. కుజుడికి 29, 55. బుధుడికి 68, 16. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే ఒక సంవత్సరం. శుక్రుడి 224.7 రోజులు మన దాంట్లో 224.8 అవుతాయి, కుజుడికి 687 బదులు 693, బుధుడికి 88 బదులు 86 వస్తాయి, బల్ల మీద బొమ్మకి అది చాలు.

మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) మీద లేజర్ కటింగ్ చేయించండి. పళ్లు మాడ్యూల్ 1 అయితే, అంటే ఒక్కో పంటికి గేరు వ్యాసంలో ఒక మిల్లీమీటరు లెక్కన, మధ్య దూరం 42 మిల్లీమీటర్లు, దానికి వెంట్రుకవాసి ఎక్కువే పెట్టండి, లేకపోతే పట్టేస్తుంది. నెదర్లాండ్స్‌లోని ఫ్రానెకర్‌లో ఐసింగా అనే ఉన్ని దువ్వే ఆయన 1774–1781 మధ్య తన ఇంటి పైకప్పుకే గ్రహాల్ని బిగించాడు, ఆయన చక్రాలకి పళ్లంటే చెక్కలో దిగ్గొట్టిన మేకులే, కాబట్టి లేజర్ లేదని ఆగనక్కర్లేదు.

గ్రహాలు పై నుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరగాలి, అంటే హ్యాండిల్ గడియారం తిరిగే వైపు తిప్పాలి. అన్నీ బిగించాక భూమి, శుక్రుడు ఉన్నచోట కింద పెన్సిల్ గీత పెట్టి ఎనిమిది చుట్లు తిప్పండి. ఈలోపు శుక్రుడు పదమూడు తిరిగి, రెండూ గీతల మీదికే రావాలి. శుక్రుడు వెనకబడితే గొట్టం మీద గేరు జారుతోందన్నమాట, ఊడదీసి గొట్టాన్ని ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ అతికించండి.