చెన్నై వానలు దిగేలోపు కెమెరా బ్యాగ్ కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వానాకాలం అంటే జూన్, జూలై. చెన్నైకి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లు చాలామంది ఆ లెక్కలోనే ఉండి, సెప్టెంబర్ ఆఖరుకి హమ్మయ్య వానలు అయిపోయాయి అనుకుని కెమెరా పట్టుకుని రోడ్డెక్కుతారు. ఇక్కడ అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ 20 ప్రాంతంలో వస్తాయి, ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడిపోతుంది. 2015 డిసెంబర్ 1 వరదల సంగతి, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ సంగతి (మన బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫానే, దాటబోయే ముందు చెన్నైని ముంచి మరీ వెళ్లింది) వేరే చెప్పక్కర్లేదు. అలాంటి రోజుల్లో కెమెరా సంగతి అటుంచి అసలు మనమే గడప దాటకూడదు. నేను చెప్పేది మామూలు రోజుల గురించి, అంటే పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి పావుగంటలో చెప్పులు తేలిపోయే రోజులు.

ఈ సీజన్‌కి వెనక తగిలించుకునే పెద్ద బ్యాగ్ వద్దు, భుజానికి అడ్డంగా వేసుకునే చిన్న బ్యాగే మేలు అంటాను నేను. కారణం ఒక్కటే. వీపు బ్యాగ్ లోంచి కెమెరా తియ్యాలంటే దాన్ని దించి ఎక్కడో ఒకచోట పెట్టాలి, నవంబర్‌లో చెన్నైలో బ్యాగ్ కింద పెట్టేంత పొడి జాగా మీకు కనిపిస్తే నాకూ చూపించండి. భుజం బ్యాగ్ అయితే పొట్ట మీదకి లాక్కుని, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కెమెరా. అందుకే బ్యాగ్ కొనేటప్పుడు షాపులో ఏసీ కింద నిలబడి చూసే చూపు పనికిరాదు, గొడుగు పట్టుకుని ఒంటి చేత్తో దీన్ని తెరిచి మళ్లీ మూయగలనా అని చూడాలి. నిజంగానే ఎడమ చెయ్యి జేబులో పెట్టేసుకుని కుడి చేత్తో నాలుగైదుసార్లు తీసి వేసి చూడండి. షాపాయన వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

నేను ఈ పని చెయ్యకుండా కొన్నాను. కొన్నేళ్ల కిందట దసరా బొమ్మల కొలువు రోజులు, మైలాపూర్ నార్త్ మాడ వీధిలో బొమ్మల దుకాణాలు బారులు తీరి ఉంటాయి కదా, అవి తీద్దామని పెరంబూర్ నుంచి సెంట్రల్ దాకా లోకల్‌లో, అక్కడ రోడ్డు దాటి పార్క్ టౌన్ నుంచి తిరుమయిలై దాకా ఇంకో రైల్లో వెళ్లాను. కొత్త బ్యాగ్. కొనేటప్పుడు "కంప్లీట్ వాటర్‌ప్రూఫ్ సార్" అన్నాడు షాపాయన, నేను నమ్మాను. గుడ్డ విషయంలో ఆయన అబద్ధమేమీ చెప్పలేదు లెండి, గుడ్డ మీద పడ్డ నీళ్లు తామరాకు మీద నీళ్లలా జారిపోయాయి. కానీ మూత రెండు పక్కలా మూలల్లో వేలు పట్టేంత సందు ఉంది. గాలివాన పక్కనించి కొడుతుంటే నీళ్లు ఆ సందులోంచి లోపలికి దిగాయి. పైన జారిపోయిన నీళ్లు కూడా ఆ మూలకే చేరాయి. లోపలున్న స్పాంజి నీళ్లు పీల్చుకుని, ఇంటికి వచ్చి తడిమి చూసినా పైకి పెద్దగా తడి తెలియలేదు, నేను కెమెరా తుడిచి మళ్లీ అదే బ్యాగ్‌లో పెట్టి పడుకున్నాను. పండగ హడావుడి, తర్వాత ఆఫీసు పని, సంక్రాంతికి ఊరెళ్లే ముందు తీసి చూస్తే 50 ఎంఎం లెన్స్ లోపల సాలెగూడులా సన్నటి తెల్లటి దారాలు. ఫంగస్. బాగు చేయించడానికి అడిగిన రేటు వింటే ఇంకో కొత్త లెన్స్ వచ్చేలా ఉంది.

కాబట్టి మొదట చూడాల్సింది మూత మూలలు. మంచి బ్యాగుల్లో మూత కింద, మూలల దగ్గర చెవుల్లాంటి చిన్న గుడ్డ ముక్కలు లోపలికి మడతపడి ఉంటాయి, మూత వేస్తే అవి సందుని కప్పేస్తాయి. అవి లేకపోతే కనీసం మూత కింద ఒక జిప్పు ఉండాలి. మూత పక్కలకి కూడా నాలుగు వేళ్ల మేర కిందికి దిగాలి, ముందువైపు ఒక్కటే దిగితే చాలదు. జిప్పు మీద రబ్బరులా మెరిసే పూత ఉన్నవి కొంత నయం, అవి జల్లుని ఆపుతాయి గానీ నిలవ నీళ్లలో పడితే ఆపలేవు. అన్నట్టు జిప్పు ఏ వైపు తెరుచుకుంటుందో చూసుకోండి. మూత మన ఒంటి వైపు నుంచి బయటికి తెరుచుకుంటే చెయ్యి పెట్టడం మనకి సులువు, దొంగకి కష్టం. దీపావళి ముందు టీ నగర్‌లో కొనేవాళ్లతో కిక్కిరిసే రంగనాథన్ వీధిలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

వాటర్‌ప్రూఫ్ అనే మాట మీద ఇంకో ముక్క. ఫోన్ల మీద రాసే ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి పరీక్ష చేశారని అర్థం. భుజం బ్యాగుల్లో అలాంటి రేటింగ్ ఉండేవి చాలా అరుదు, మనకి దొరికేవన్నీ వాటర్ రెసిస్టెంట్, అంటే తుంపరకి ఓర్చుకుంటాయి అంతే. వాటితో ఇచ్చే రెయిన్ కవర్ బ్యాగ్ వెనక వైపుని వదిలేస్తుంది, పైగా కవర్ తొడిగాక కెమెరా తియ్యాలంటే కవర్ ఊడదీయాలి, ఊడదీసే ఆ అర నిమిషంలోనే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. కవర్ వద్దని అనను, దాన్ని నమ్ముకుని నాసిరకం మూత ఉన్న బ్యాగ్ కొనొద్దంటున్నాను.

ఇంటికి తెచ్చాక కెమెరా పెట్టకముందే ఒక పరీక్ష. లోపల నాలుగు మూలల్లో టిష్యూ కాగితాలు పెట్టి, మూత వేసి, బాత్‌రూమ్‌లో కొక్కేనికి తగిలించి మగ్గుతో నీళ్లు పైనుంచి కొన్ని, పక్కలనించి కొన్ని ఒక ఐదు నిమిషాల పాటు పోయండి. తర్వాత ఏ మూల కాగితం తడిసిందో అక్కడే మీ బ్యాగ్ బలహీనం. తడిపిన బ్యాగ్ వాపసు తీసుకోరు కదా అంటారు, నిజమే. అందుకే షాపులోనే మూలలు చూసుకోమన్నది. తెలిసి ఉంటే ఆ మూలవైపు కార్డులు, బ్యాటరీలు పెట్టకుండా ఉంటారు, లేదా పాలిథిన్ కవర్ ఒకటి ఎక్కువ వేస్తారు.

లోపలి స్పాంజిని వేళ్లతో గట్టిగా నొక్కండి. గిన్నెలు తోమే స్పాంజిలా అణిగిపోయి మెల్లగా లేచేది నీళ్లు పీలుస్తుంది. యోగా మ్యాట్‌లా గట్టిగా, సన్నటి గింజల్లా ఉండేది పీల్చదు. మధ్యలో పెట్టే అడ్డుగోడలు కూడా అలాంటివే కావాలి, అవి తీసి పెట్టుకునేలా ఉంటే ఆరబెట్టుకోవడానికి వీలు. లోపలి గుడ్డ లేత రంగుది తీసుకోండి, నల్ల గుడ్డ మీద పడ్డ నల్ల లెన్స్ క్యాప్ మబ్బు పట్టిన సాయంత్రం దొరకదు.

కాన్వాస్, తోలు బ్యాగులు చూడ్డానికి ఎంతో బావుంటాయి. ఊటీకి తీసుకెళ్లండి. ఇక్కడ మాత్రం కాన్వాస్ తడిస్తే రెండు రోజులు ఆరదు, తోలుకి బూజు పడుతుంది, అల్మారాలో పెట్టి మర్చిపోతే పచ్చగా లేస్తుంది. నైలాన్ దానికీ ఒక రోగం ఉంది: లోపలివైపు నీళ్లు రాకుండా వేసే పూత ఈ ఊరి ఉక్కకి కొన్నేళ్లకి జిగటగా అయి పొరలు పొరలుగా రాలుతుంది. మీ దగ్గర పాత బ్యాగ్ ఉండి, ఇది చాల్లే అనుకుంటుంటే లోపల వేలితో రుద్ది చూడండి, వేలికి అంటుకున్నా పులిసిన వాసన వచ్చినా దాని పని అయిపోయినట్టే. ఆ పొడి లెన్స్ మీద పడితే ఇంకో తలనొప్పి.

సైజు దగ్గర అందరం ఒకటే తప్పు చేస్తాం, ఎప్పుడైనా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొంటాం. పెద్దది కొంటే ఖాళీ ఉంచుతామా, ఉంచం. కొనేముందు మంచం మీద పేపరు పరిచి, వానలో నిజంగా తీసుకెళ్లేవి మాత్రమే పెట్టండి. నా మట్టుకు ఒక బాడీ (లెన్స్ లేని ఉత్త కెమెరా), తగిలించి ఉన్న ఒక లెన్స్, విడిగా ఒక చిన్న లెన్స్, రెండు బ్యాటరీలు, కార్డులు, తుడుచుకునే గుడ్డ, అంతే. సోనీ ఎ6400 లాంటి బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 403 గ్రాములు, కానన్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం లెన్స్ 160 గ్రాములు. అదే దూరంగా ఉన్నవి తీసే పెద్ద జూమ్ లెన్స్, కానన్ పాత ఈఎఫ్ రకం 70-200 ఎఫ్2.8, ఒక్కటే దాదాపు కిలోన్నర, అది పెట్టుకుని వేదాంతంగల్‌కి పిట్టల కోసం కారులో వెళ్లండి గానీ భుజాన వేసుకుని లోకల్ ట్రైన్ ఎక్కొద్దు. మొత్తం బరువు రెండున్నర కిలోలు దాటితే గంటకే ఒక భుజం కిందికి వాలిపోతుంది, నడక మారిపోతుంది, తడి టైల్స్ మీద జారేది అప్పుడే.

కొలత ఇలా తీసుకోండి: కెమెరాకి లెన్స్ తగిలించి, లెన్స్ కిందికి ఉండేలా పట్టుకుని పైనుంచి కింది దాకా స్కేలుతో కొలవండి. బ్యాగ్ లోపలి లోతు దానికంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో చాలాసార్లు బయటి కొలతలే రాస్తారు, స్పాంజి మందం రెండు పక్కలా కలిపి రెండు మూడు సెంటీమీటర్లు తినేస్తుంది. ఇది చూసుకోక మా తమ్ముడు బ్యాగ్ తెప్పించుకుంటే కెమెరా పట్టింది గానీ మూత పడలేదు, ఇప్పుడు అందులో వాడి హెడ్‌ఫోన్లు ఉంటున్నాయి.

పట్టీ నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అడ్డంగా వేసుకుంటే బ్యాగ్ అడుగు నడుము ఎముక దగ్గరికి రావాలి, ఇంకా కిందికి వేలాడితే పరిగెత్తి బస్సు ఎక్కేటప్పుడు తొడకి కొట్టుకుంటుంది. బ్యాగ్ బరువంతా మోసేది పట్టీ తగిలించిన కొక్కేలే, ప్లాస్టిక్‌వి ఎండకి పెళుసెక్కి ఒకరోజు టప్‌మంటాయి, ఇనుపవి సముద్రపు గాలికి తుప్పు పడతాయి. పూత బాగున్న లోహపు కొక్కేలు తీసుకుని, నెలకోసారి గుడ్డతో తుడవండి. రోడ్డు మీద నడిచేటప్పుడు బ్యాగ్ గోడ వైపు ఉండాలి, బండ్ల వైపు వద్దు. గొలుసులు లాగేవాళ్లు బ్యాగూ లాగుతారు, అడ్డంగా వేసుకున్న బ్యాగ్ లాగితే మనమూ దాంతోపాటే రోడ్డు మీదకి వెళతాం. కెమెరా కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్న బ్యాగ్ ఉచితంగా వచ్చినా సరే ఇంట్లో ఉంచేయండి.

స్కూటర్ ముందు కొక్కేనికి మాత్రం తగిలించొద్దు. అదురంతా లెన్స్‌కే, ముందు చక్రం చిమ్మే బురద నీళ్లు బ్యాగ్ అడుక్కే. అడుగు విషయం ఎవరూ చూడరు, అక్కడ మందపాటి రబ్బరు గుడ్డ ఉంటే మంచిది. కాశిమేడు హార్బర్‌లో తెల్లవారుజామున ఫోటోలు తీస్తూ ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం కింద పెట్టాను. మూడు సార్లు ఉతికినా చేపల వాసన పోలేదు, ఇంట్లోకి రానివ్వలేదు మా ఆవిడ.

ఇక తేమ. వానకంటే ఇదే మొండిది, ఎందుకంటే కనపడదు. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే రోజుల తరబడి ఉంటే ఫంగస్‌కి పండగే, ఈ మూడు నెలలూ ఇక్కడ అంతకంటే తక్కువ ఉండే రోజు వెతుక్కోవాలి. బ్యాగ్‌లో రెండు సిలికా జెల్ పొట్లాలు పడేయండి, నారింజ రంగువి కొనండి, అవి తేమ పీల్చుకుని ఆకుపచ్చగా మారితే మార్చాలని తెలుస్తుంది. నీలం నుంచి గులాబీకి మారేవీ ఉంటాయి, వాటిలో కలిపే కోబాల్ట్ క్లోరైడ్ విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ రకమైనా వంటకి వాడే మూకుడులో వేడి చెయ్యొద్దు. పొట్లాలు వేశాం కదా అని కెమెరాని బ్యాగ్‌లోనే దాచకండి, బ్యాగ్ మోసుకెళ్లడానికి మాత్రమే. దాచడానికి గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో ఇంకో నాలుగు పొట్లాలు, చాలు.

ఏసీ గదిలోంచి నేరుగా బాల్కనీలోకి వెళ్లి కెమెరా తీస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముకోవడం చూసే ఉంటారు. చల్లటి చెంబు మీద నీళ్లు పట్టినట్టే. బయటికొచ్చాక బ్యాగ్ మూత తెరవకుండా ఇరవై ముప్పై నిమిషాలు ఆగితే లోపలి సామాను మెల్లగా వెచ్చబడుతుంది. ఆ టైంలో ఎక్కడైనా ఒక ఫిల్టర్ కాఫీ తాగొచ్చు.

ఇంత చేసినా కెమెరా తడిస్తే, ఆన్ చేసి పని చేస్తుందో లేదో చూడాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. స్విచ్ ఆపి, బ్యాటరీ, కార్డు తీసేసి, పొడి గుడ్డతో అద్ది, సిలికా జెల్ ఉన్న డబ్బాలో రెండు రోజులు పెట్టండి. బియ్యం డబ్బాలో వద్దు, ఆ పొడి సందుల్లోకి దూరుతుంది. హెయిర్ డ్రయర్ అసలే వద్దు. మెరీనాలోనో బెసంట్ నగర్‌లోనో ఉప్పు తుంపర పడితే ముందు కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డ.

బ్యాగ్ సంగతి కూడా ఆ రాత్రే. అడ్డుగోడలు పీకేసి, జిప్పులన్నీ తీసి, తలకిందులుగా ఫ్యాన్ కింద వేలాడదీయాలి. మా ఇంట్లో దీనికోసం గుమ్మం పక్కన ఒక కొక్కెం కొట్టించాను, వారం తిరక్కుండానే అదే కొక్కేనికి తడి గొడుగులు కూడా తగిలించడం మొదలుపెట్టారు, ఇప్పుడు బయటి వానలో తడవని బ్యాగ్ ఇంట్లో గొడుగు నీళ్లకి తడుస్తోంది. ఇంకో కొక్కెం కొట్టించాలి.