టిబిలిసికి కొత్తగా వచ్చారా? ఖింకాలి ఇంట్లోనే చేసుకోండి

జార్జియా రాజధాని టిబిలిసిలో దిగిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు మిమ్మల్ని ఖింకాలి, అంటే లోపల మాంసం పెట్టి నీళ్లలో ఉడికించే మైదా కుడుములు, తినడానికి తీసుకెళ్తారు. వెళ్లేముందు ఒక్క విషయం తెలుసుకోండి. ఇక్కడి హోటళ్లలో మామూలుగా ఇచ్చే ఖింకాలిలో గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి ఉంటాయి. మెడిసిన్ చదవడానికి వచ్చిన మన పిల్లల్లో చాలామంది ఈ రెండూ తినరు, తిన్నాక తెలిసి ఏడ్చినవాళ్లను చూశాను. అలాగని ఖింకాలికే దూరమైపోకండి. ఇది ఫ్షావి, ఖెవ్సురేతి, తుషేతి లాంటి కొండ ప్రాంతాల్లో పుట్టిన తిండి, మొదట్లో గొర్రె మాంసంతోనే చేసేవారు. మీరు మటన్‌తో చేసుకుంటే ఆ పాత రుచికే దగ్గరవుతారు.

షాపుల్లో ‘ఫార్షి’ అని రాసి ఉన్న ఖీమా ప్యాకెట్లలో చాలావరకు రెండు మాంసాలూ కలిసే ఉంటాయి, చూడకుండా తీసుకోవద్దు. సాద్గురిస్ మోయెదాని మెట్రో దగ్గరున్న డెజర్టిర్ బజార్‌కి వెళ్లి, ముక్క చూపించి మీ కళ్లముందే ఖీమా కొట్టించుకోండి. ‘సాకొన్లిస్’ అంటే గొడ్డుది, ‘ఘోరిస్’ అంటే పందిది, ‘త్స్ఖ్వ్రిస్’ అంటే గొర్రెది. ఈ మూడు మాటలూ వచ్చేదాకా ఫోన్లో రాసి పెట్టుకోండి. కొత్తిమీరకి మాత్రం టెన్షన్ అక్కర్లేదు, ‘కిండ్జి’ అని అడిగితే కట్టలు కట్టలు దొరుకుతుంది, మన ఊళ్లో వాసనే.

అర కిలో మైదాలో ఒక చెంచా ఉప్పు వేసి, ముప్పావు గ్లాసు నుంచి గ్లాసు దాకా చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పూరీ పిండిలా గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి. ఈలోపు అర కిలో ఖీమాలో రెండు ఉల్లిపాయల సన్నటి తరుగు, ఉప్పు, మిరియాల పొడి, జీలకర్ర, కాస్త ఎండుమిరప, కొత్తిమీర వేయండి. కొండల్లో చేసే పద్ధతిలో కొత్తిమీర వేయరు, నగరంలో వేస్తారు. అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా వేద్దామని చెయ్యి లాగుతుంది, మొదటిసారికి మాత్రం ఆగండి, మాంసం రసమే ఇక్కడ అసలు రుచి.

ఆ రసం ఎక్కడినుంచి వస్తుందో నాకు మా ఇంటి ఓనర్ బామ్మ చేసి చూపించేదాకా తెలియలేదు. పచ్చి ఖీమాలోనే ఒక గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, పోసిందల్లా మాంసం పీల్చుకునేదాకా చేత్తో పిసుకుతూ ఉండాలి. ముద్ద జారుగా, చెంచాతో తీసి వేసేలా ఉండాలి. అంతకుముందు నేను మన కైమా ఉండల్లా గట్టిగా పెట్టేదాన్ని, అందుకే లోపల పొడిపొడిగా ఉండేది.

పిండిని దళసరిగా ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, ఒక్కొక్కటీ అరచేతికన్నా కాస్త పెద్దగా, అంచు పల్చగా ఒత్తండి. మధ్యలో ఒక పెద్ద చెంచాడు ఖీమా పెట్టి, చీర కుచ్చిళ్లు పెట్టినట్టు అంచుని మడుస్తూ తిప్పుకుంటూ పోండి. చెయ్యి తిరిగినవాళ్లు 18, 19 మడతలు పెడతారు, మీకు పదే వచ్చినా పర్లేదు, పైన ముడి మాత్రం గట్టిగా నొక్కాలి. ఎక్కడ చిరిగినా రసమంతా నీళ్లపాలే.

పెద్ద గిన్నెలో ఉప్పేసిన నీళ్లు బాగా మరిగాక ఒక్కొక్కటీ మెల్లగా జారవిడిచి, అడుగంటకుండా చెక్క గరిటెతో నీళ్లను ఒకసారి తిప్పండి. పైకి తేలాక కూడా తొందరపడకండి, మొత్తం మీద పది నిమిషాలు ఉడకాలి, మటన్ అయితే ఇంకో రెండు నిమిషాలు. తీసి పైన మిరియాల పొడి చల్లుకుంటే చాలు.

తినేటప్పుడు ఫోర్క్ వద్దు. ముడి పట్టుకుని పైకెత్తి, చిన్నగా కొరికి ముందు రసం జుర్రుకోవాలి, చేత్తో తినే మనకి ఇది కష్టమేమీ కాదు. ముడి దగ్గర పిండి గట్టిగా ఉంటుంది కాబట్టి పళ్లెంలో వదిలేస్తారు, ఎవరు ఎన్ని తిన్నారో వాటినే లెక్కపెడతారు.

శాకాహారులు ‘సోకో’ అంటే పుట్టగొడుగులతో చేసుకోండి. బయట తినాల్సివస్తే ‘సమర్ఖ్వో’ అని అడగండి, చర్చి ఉపవాసాల రోజుల్లో వీళ్లు తినే తిండి, మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు.

మిగిలితే మర్నాడు మళ్లీ ఉడకబెట్టొద్దు. పెనం మీద కాస్త వెన్న వేసి, సన్నటి సెగ మీద అన్నివైపులా ఎర్రగా వేయించుకుని కాలేజీకి డబ్బాలో పట్టుకెళ్లండి.