పెళ్లికార్డు మీద బొడోని ఇటాలిక్ వేయిస్తున్నారా?
వధూవరుల పేర్లు ఇంగ్లీషులో వేయించేటప్పుడు బొడోని ఇటాలిక్ అనే ఫాంటు భలే నప్పుతుంది. లావాటి గీత పక్కనే వెంట్రుకంత సన్నగీత, పైగా కాస్త వాలు. 18వ శతాబ్దం చివర్లో ఇటలీలోని పార్మాలో బొడోని అనే ముద్రాపకుడు తీర్చిన అక్షరాల తీరు అది.

చిక్కంతా ఆ సన్నగీతతోనే. పేర్లకు అక్షరాల సైజు 24 పాయింట్లో, ఆపైనో పెట్టండి. మండపం అడ్రసు కూడా అందులోనే 8 పాయింట్లకు దించేశారనుకోండి, సన్నగీతలు ఎగిరిపోయి ‘ఎన్’ ఏదో ‘యు’ ఏదో తెలియదు. తిరుచానూరు స్పెల్లింగులో ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి మరి! అడ్రసుకు మామూలు నిటారు ఫాంటే మేలు. ఎర్ర కార్డు మీద బంగారు ఫాయిల్ అయితే ఇంకా జాగ్రత్త, గీతలు మధ్యలో తెగిపోతుంటాయి.

అచ్చుకు ముందు పంపే నమూనా, అదే ప్రూఫ్, వాట్సాప్‌లో చూసి ఓకే చెప్పకండి. ఫోన్లో జూమ్ చేస్తే ఏదైనా బాగానే ఉంటుంది. అసలు సైజులో, అదే కార్డు మీద ఒక ప్రింటు తీయించండి.

అన్నట్టు, మ్యాచింగ్ అంటూ ప్రెస్సువాళ్లు తెలుగు లైన్లను కూడా వాల్చేస్తామంటారు, ఒప్పుకోకండి. కంప్యూటర్ బలవంతంగా వంచితే గుండ్రటి అక్షరాలన్నీ సొట్టపడ్డట్టు కనిపిస్తాయి.