బొమ్మ కొనే ముందు డబ్బా తిప్పి చూడండి

మాది ఏలూరులో ఫ్యాన్సీ షాపు. మా మామగారు పెట్టిన కొట్టు. పద్దెనిమిదేళ్లుగా కౌంటర్ నేనే చూసుకుంటున్నాను. గాజులు, రిబ్బన్లు, గిఫ్ట్ ఐటెమ్స్‌తో పాటు పిల్లల బొమ్మలు కూడా అమ్ముతాం. సరుకు కోసం విజయవాడ వన్‌టౌన్‌కీ, పండగల ముందు హైదరాబాద్ బేగంబజార్‌కీ వెళ్తుంటాను. ఏ కార్టన్ విప్పినా చైనా బొమ్మలే కనబడిన రోజులు చూశాను.

2018 సంక్రాంతి ముందు, నొక్కితే లైట్లు వెలిగే చిన్న కప్ప బొమ్మ ఒకటి నలభై రూపాయలకు అమ్మాను. రెండో రోజు సాయంత్రం ఆ తల్లి బాబును ఎత్తుకుని మళ్లీ వచ్చింది. బాబుకు ఏడాదిన్నర ఉంటుంది. "అక్కా, ఇది వాడి నోట్లోంచి తీశాను" అని పిడికిలి విప్పి చూపించింది. చొక్కా గుండీ అంత బ్యాటరీ, ఇంకా తడిగానే ఉంది. కప్ప అడుగున మూతకు స్క్రూ లేదు. గోరు పెడితే ఊడి వచ్చేసింది. డబ్బా మీద ఎవరి పేరూ లేదు, ఊరూ లేదు. నేను ఎవరి దగ్గర కొన్నానో ఆయన "అది హోల్‌సేల్ మాల్ అమ్మా, మాకేం తెలుస్తుంది" అన్నాడు. బాబుకు ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి బొమ్మను చూసే పద్ధతే మార్చుకున్నాను. మీరూ ఇలాగే చూసి కొనండి.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. మన దేశంలో చేసినా, బయటి నుంచి తెచ్చినా ఇదే రూలు. దానికి ముందు 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దిగుమతి బొమ్మలు కొని పరీక్ష చేయిస్తే, సుమారు 67 శాతం ఫెయిలయ్యాయి. ముద్ర పైన బొమ్మల ప్రమాణం నంబరు ఐఎస్ 9873 అని, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే బొమ్మయితే ఐఎస్ 15644 అని ఉండాలి. ముద్ర కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. నంబరు లేకుండా వట్టి ముద్ర ఉంటే దాన్ని నమ్మొద్దు. ఆ ముద్రను కంప్యూటర్‌లో ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు.

ఐఎస్‌ఐ లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. ఫోన్‌లో వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి. లైసెన్సు వివరాలు చూసే చోట ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, చిరునామా, ఏ వస్తువుకు లైసెన్సు ఇచ్చారు, అది ఇంకా చెల్లుతోందా అన్నీ వస్తాయి. ఇక్కడ చాలామంది పేరు రాగానే సరే అనుకుని వదిలేస్తారు. వస్తువు పేరు కూడా చదవండి. నేనోసారి నంబరు కొడితే లైసెన్సు నిజమైనదే వచ్చింది, కానీ అది వేరే వస్తువుది. ఆ కార్టన్ మొత్తం తిప్పి పంపేశాను. యాప్‌లో విదేశీ ఫ్యాక్టరీ చిరునామా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మన దేశానికి పంపే బయటి ఫ్యాక్టరీలు కూడా ఈ లైసెన్సు తీసుకోవాల్సిందే.

బయటి నుంచి వచ్చిన బొమ్మయితే తర్వాత చూడాల్సింది దిగుమతిదారు పేరు, చిరునామా. దాంతో పాటు ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి. ప్యాక్ చేసిన సరుకుల మీద ఇవన్నీ రాయాలని తూనికలు కొలతల చట్టం కింద నిబంధనలున్నాయి. ఆన్‌లైన్‌లో కొంటే ఏ దేశానిదో అన్నది ఆ పేజీలోనే ఉండాలి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అంత సుంకం కట్టి వచ్చిన లైట్ల బొమ్మ నలభై రూపాయలకు దొరకడం కష్టం. మరీ చవగ్గా ఉండి, డబ్బా మీద ఎవరి చిరునామా లేకపోతే ఆ సరుకు వదిలేయండి. రేపు ఏదైనా అయితే అడగడానికి మనిషే ఉండడు.

ఇక బొమ్మను చేతిలోకి తీసుకోండి. షాపువాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా, స్క్రూడ్రైవర్ లేకుండా తెరుచుకుంటోందా అన్నది మొదట చూడాలి. టెడ్డీ కళ్లు, ముక్కు గట్టిగా లాగండి. కారు చక్రాలు లాగండి. గిలక్కాయను చెవి దగ్గర ఊపండి. మీ చెవికే గట్టిగా అనిపిస్తే పసివాడికి వద్దు. ఘాటు వాసన కొట్టే రబ్బరు బొమ్మలు నేను తెప్పించను.

మూడేళ్ల లోపు పిల్లలుంటే ఇంట్లో ఒక గొట్టం చేసుకోండి. పోస్టు కార్డులాంటి గట్టి కాగితాన్ని 10 సెంటీమీటర్ల పొడవు, అయిదున్నర సెంటీమీటర్ల వెడల్పు కత్తిరించి, 10 సెంటీమీటర్ల వైపును చుట్టి, అంచు మీద అంచు ఎక్కకుండా పక్కపక్కన ఆనించి టేపు వేయండి. మూడు సెంటీమీటర్ల పైచిలుకు బెజ్జం వస్తుంది. ల్యాబుల్లో చిన్న భాగాలను చూసే గొట్టం బెజ్జం కూడా దాదాపు అంతే, 31.7 మిల్లీమీటర్లు. ఏ వస్తువైనా, ఊడి వచ్చిన ఏ ముక్కయినా అందులో పూర్తిగా పట్టేస్తే, అది పిల్లవాడి గొంతుకు అడ్డం పడగలదు. మా కౌంటర్ డ్రాయర్‌లో అలాంటిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇంట్లో తేలనిది ఒకటుంది, రంగులో సీసం. తడిగుడ్డతో రుద్దితే రంగు అంటుకుంటే ఆ బొమ్మ వద్దు. అంటుకోకపోతే సీసం లేనట్టు కాదు. అది ల్యాబ్‌లోనే తెలుస్తుంది. 2007లో బార్బీ బొమ్మలు చేసే మాటెల్ అంతటి కంపెనీ కూడా రంగులో సీసం వల్ల, ఊడిపోయే అయస్కాంతాల వల్ల చైనాలో చేయించిన బొమ్మలను లక్షల్లో వెనక్కి పిలిపించుకుంది. అందుకే లైసెన్సు నంబరు మీద అంత పట్టుబడుతున్నాను.

బటన్ బ్యాటరీ గురించి మాత్రం ప్రతి అమ్మకూ, అమ్మమ్మకూ చెప్పండి. అది అన్నవాహికలో ఇరుక్కుంటే తడికి కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. రూపాయి బిళ్లంత ఉండే లిథియం బ్యాటరీలు మరీ ప్రమాదం. మింగాడేమో అన్న అనుమానం వచ్చినా "నాణెంలా అదే వచ్చేస్తుందిలే" అని ఆగకండి. వాంతి చేయించొద్దు, అన్నం, అరటిపండు పెట్టొద్దు. ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లి, "బ్యాటరీ" అన్న మాట ముందే చెప్పండి. బొమ్మనూ, అందులో మిగిలిన బ్యాటరీనీ వెంట తీసుకెళ్లండి.

చిన్న చిన్న గట్టి అయస్కాంతం గోలీలు, నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు పూసలు మా కొట్లో అమ్మను. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెడతాయి. పూసలు కడుపులో ఉబ్బుతాయి, మామూలు ఎక్స్‌రేలో కనబడవు కూడా.

దుబాయ్ నుంచో అమెరికా నుంచో అన్నయ్య సూట్‌కేస్‌లో తెచ్చిన బొమ్మకు ఐఎస్‌ఐ ఉండదు, అది సహజం. యూరప్‌లో అమ్మే వస్తువుల మీద వేసే సీఈ అన్న గుర్తు ఉంటే చాలనుకుంటారు. చాలా బొమ్మల మీద ఆ గుర్తును తయారీదారే తన హామీగా వేసుకుంటాడు. కాబట్టి స్క్రూ, గొట్టం పరీక్షలు వాటికీ చేయండి. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మల సంగతి వేరు. రిజిస్టరైన హస్తకళాకారులకు, జీఐ (ఫలానా ఊరి వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్నవాటికి ఈ ముద్ర నుంచి మినహాయింపు ఉంది. ముద్ర లేదని వాటిని పక్కన పెట్టకండి. అంకుడు కర్రకు లక్క పట్టించి, సహజ రంగులు వేసిన ఏటికొప్పాక గిలక్కాయ నేను మా మనవరాలికే ఇచ్చాను. కొండపల్లి బొమ్మలను మాత్రం కొలువులో పెట్టుకోండి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి.

బిల్లు అడిగి తీసుకోండి. నాలాంటి షాపువాళ్లకు అది మొదట నచ్చకపోవచ్చు, అయినా అడగండి. డబ్బా వారం రోజులైనా దాచండి. తేడా వస్తే డబ్బా, బిల్లు, విరిగిన చోటు ఫొటో తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. ముద్ర దొంగదైతే బీఐఎస్ కేర్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. వస్తువుకు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఈ ఆదివారం ఇంట్లో పాత బొమ్మల బుట్ట ఒకసారి బోర్లించండి. స్క్రూ లేని మూతలున్నవి పక్కకు తీసి, లోపలి బ్యాటరీలకు రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని డబ్బాలో వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.