ఫాక్లాండ్ సీళ్లను గుర్తుపట్టడం, 3వ పాఠం: మొదట వెనక కాళ్లు చూడండి

పోయిన పాఠంలో వారా గురించి చెప్పుకున్నాం. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్ దీవుల్లో నేల మీద బతికే స్థానిక క్షీరదం అదొక్కటే ఉండేది. నక్కలా ఉండే ఈ జంతువు ఎంతోకాలం మిగలదని 1830లలో అక్కడికి వెళ్లిన డార్విన్ ముందే రాశాడు, 1876కల్లా అదే జరిగింది. ఇప్పుడు అక్కడ కనిపించే గొర్రెలు, పిల్లులు, ఎలుకలు అన్నీ మనుషుల వెంట వచ్చినవే, కాబట్టి స్థానిక క్షీరదాలు చూడాలంటే సముద్రం ఒడ్డుకే పోవాలి. అక్కడ పిల్లల్ని కనే సీళ్లు మూడు రకాలు: సీ లయన్, ఫర్ సీల్, ఎలిఫెంట్ సీల్.

కొత్తవాళ్లు రంగు పట్టుకుని మొదలుపెడతారు. వద్దు. నీళ్లలోంచి అప్పుడే వచ్చిన సీల్ నల్లగా మెరుస్తుంది, అదే సీల్ ఒళ్లు ఆరాక లేత గోధుమ రంగులో ఉంటుంది.

ముందు నడక చూడండి. వెనక ఫ్లిప్పర్లను (తెడ్డుల్లాంటి కాళ్లను) పొట్ట కిందకి మడుచుకుని నాలుగింటి మీద లేచి నడుస్తోందంటే అది సీ లయనో ఫర్ సీలో అయ్యుండాలి. నడవలేక గొంగళిపురుగులా పొట్ట మీద పాకుతోందంటే ఎలిఫెంట్ సీల్ (ఎప్పుడైనా చుట్టపుచూపుగా లెపర్డ్ సీల్ కూడా వస్తుంది). కదలకుండా నిద్రపోతోందా? చెవి చూడండి. మొదటి రెండింటికీ చిన్న చెవి డొప్ప బయటికి కనిపిస్తుంది, ఎలిఫెంట్ సీల్‌కి ఉత్త రంధ్రమే.

తర్వాత మూతి. ఫర్ సీల్‌ది కోసుగా ఉంటుంది, ఎక్కువగా రాళ్ల మీదే కనిపిస్తుంది. సీ లయన్‌ది మొద్దుగా, కాస్త పైకి లేచినట్టుంటుంది, పెద్ద మగదానికి మెడ చుట్టూ జూలు. ఇది ఇసుక మీదే కాదు, మనిషి కంటే ఎత్తు పెరిగే టస్సక్ గడ్డిలోపల కూడా పడుకుంటుంది, అందుకే ఆ గడ్డిలోకి అడుగుపెట్టే ముందు ఆగి వినండి, వాసన చూడండి, దానికీ సముద్రానికీ మధ్యలో మాత్రం ఎప్పుడూ నిలబడకండి. మూడు వందల కిలోల జంతువు బెదిరిపోయి నీళ్ల వైపు పరుగెత్తితే దారిలో ఉన్నది మీరే.

ఎలిఫెంట్ సీల్ అంటే వేలాడే ముక్కు గుర్తొస్తుంది కానీ, అది ఎదిగిన మగవాటికే ఉంటుంది. ఆడవాటినీ చిన్నవాటినీ ముక్కుతో వెతికితే దొరకవు. ఇవి ఎక్కువగా ఉండేది ఫాక్లాండ్ దీవుల్లో ఒకటైన సీ లయన్ ఐలండ్ ఇసుక తీరాల్లో. వేసవిలో అక్కడ చర్మం పేలికలు పేలికలుగా ఊడిపోతున్న సీళ్లు కనిపిస్తే జబ్బు అనుకుని టెన్షన్ పడక్కర్లేదు. ఏటా పాత వెంట్రుకలు పైచర్మంతో సహా రాలిపోతాయి. ఆ రోజుల్లో కొత్త చర్మం పెరగడానికి రక్తం ఒంటి పైపొరకి చేరుతుంది, చల్లటి నీళ్లలోకి దిగితే వేడి ఎక్కువగా పోతుంది, అందుకే ఒడ్డునే పడి ఉంటాయి. దయచేసి ఫొటో కోసం దగ్గరికెళ్లి వాటిని నీళ్లలోకి తరమకండి.

ఈ వారం అభ్యాసం: సీళ్ల ఫొటోలు పది తీసుకుని, తల భాగం కాగితంతో కప్పేసి, ఒళ్లూ వెనక ఫ్లిప్పర్లూ మాత్రమే చూసి నడిచేదో పాకేదో రాసుకోండి. కాగితం తీశాక చెవి, ఆ తర్వాత మూతి. తప్పిన ఫొటోలు పక్కన పెట్టుకోండి, వచ్చే పాఠంలో డాల్ఫిన్ల జోలికి వెళ్లేముందు వాటితోనే మొదలుపెడదాం.