పిల్లలకు రాకెట్ చూపించాలంటే

నేను గూడూరులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. శ్రీహరికోట ప్రయోగం తేదీ వెలువడిందంటే చాలు, ఎక్కడెక్కడి బంధువుల నుంచో ఫోన్లు: "పిల్లలతో వస్తున్నాం, ఏం చేయాలి?" వాళ్లకు చెప్పేదే ఇది.

ముందు పాసు సంగతి. షార్‌లో, అంటే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రంలో, సందర్శకుల గ్యాలరీ 2019లో తెరిచారు. ప్రవేశం ఉచితమే గానీ ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు మొదలయ్యాక తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే సీట్లు మిగలవు. నమోదుకు ఇచ్చిన గుర్తింపు కార్డు వెంట ఉండాలి. సీటు దొరకలేదా? సూళ్లూరుపేటలో తెలిసినవాళ్ల మేడ ఎక్కండి. మబ్బు లేకపోతే చెన్నై మేడల మీదికీ కనిపిస్తుంది.

చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లున్నాయి. అక్కడి నుంచి పులికాట్ సరస్సు మీదుగా సుమారు 18 కిలోమీటర్లు.

తిరుగు టికెట్టు మాత్రం అదే రోజుకు తీయకండి. చంద్రయాన్-2ను 2019 జులై 15న ఇంకా 56 నిమిషాలుండగా ఆపేశారు. వారం తర్వాత, 22న ఎగిరింది. 2023 అక్టోబరు 21న మనుషులను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం చేసిన పరీక్ష రాకెట్టు సరిగ్గా 5 సెకన్ల ముందు తనంతట తానే ఆగింది, ఆ ఉదయమే 10 గంటలకు లేచింది. కౌంట్‌డౌన్ ఆగితే పిల్లలు ఉసూరుమంటారు. రేపు మనుషులను ఎక్కించుకునే రాకెట్టుకు ఎగరడంతోపాటు ఆగడమూ రావాలని అప్పుడే చెప్పండి, బాగా ఎక్కుతుంది.

ఏ రాకెట్టో ముందు రోజే వివరించండి. ఇస్రో భారీ రాకెట్టు ఎల్‌వీఎం-3 అయితే నేల మీద వెలిగేవి పక్కనున్న రెండు బూస్టర్లే, మధ్య ఇంజన్లు ఆకాశంలో వెలుగుతాయి. ధ్రువ కక్ష్యకు (భూమి ధ్రువాల మీదుగా తిరిగే దారికి) వెళ్లే పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు శ్రీలంక మీదుగా పోకుండా దారి మళ్లించుకుంటుంది.

ఫోను జేబులో పెట్టేయండి. మీకన్నా మంచి వీడియో ఇస్రోనే ఇస్తుంది. ఆ చేత్తో గడియారం చూసుకోండి. మంట కనిపించినప్పటి నుంచి ఉరుము లాంటి శబ్దం చెవికి చేరేదాకా సెకన్లు లెక్కపెట్టించి, మూడుతో భాగించమనండి (శబ్దం కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది). ప్రయోగ వేదిక ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తేలిపోతుంది. నా పాఠాల్లో పిల్లలు ఎప్పటికీ మరచిపోని లెక్క ఇదొక్కటే అనుకుంటాను.

తర్వాత ఎలాగూ ఒక ప్రశ్న వస్తుంది: "ఇక్కడి నుంచి మనుషులు అంగారకుడి మీదికి ఎప్పుడు వెళ్తారు?" తేదీలు చెప్పి మభ్యపెట్టకండి. కాగితం, పెన్ను ఇవ్వండి. మంగళయాన్ 2013 నవంబరు 5న ఇక్కడి నుంచే బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో చేరింది. పోతూ 300 రోజులనుకుందాం. ఒక మనిషికి రోజుకు 3 లీటర్ల నీళ్లంటే, తాగడానికే 900 కిలోలు! ఇంధనంతో కలిపి మంగళయాన్ బరువే 1,337 కిలోలు. తిండి, గాలి, తిరుగు ప్రయాణం ఇంకా లెక్కలోకే రాలేదు. మా తరగతిలో ఈ లెక్క చేశాక ఉత్సాహం తగ్గుతుందేమోనని జంకాను. వాడిన నీళ్లను మళ్లీ శుద్ధి చేసుకుంటే ఎంత మిగులుతుందని తొమ్మిదో తరగతి పిల్లలు గంట కొట్టినా కదలకుండా వాదించుకున్నారు.

రాకెట్టు కనుమరుగవగానే అందరూ ఒకేసారి ఆ ఒక్క రోడ్డు మీదికే వస్తారు. పులిహోర, మంచినీళ్లు మిగుల్చుకోండి.